బ్రాడీపేట నాలుగో లైనులో నాలుగు లైన్ల బోర్డు: మూడో మోడెం ఎత్తగానే మొదటిది బిగుసుకుపోతోంది

ప్రశ్న: గుంటూరు లైన్‌మ్యాన్

అందరికీ నమస్కారం. టెలిఫోన్ శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. స్తంభాలెక్కాను, గోతుల్లో కూర్చుని కేబుళ్లు అతికాను, చివరి పదేళ్లు ఎక్స్ఛేంజిలో ఊరి తీగలన్నీ వచ్చి చేరే ఎండీఎఫ్ గదిలో జంపర్లు, అంటే కలిపే తీగలు, వేశాను. తీగ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ లోపలి సంగతే అరకొర. అందుకే ఇక్కడికి వచ్చాను.

మాది బ్రాడీపేట నాలుగో లైను. గుంటూరు ఎరుగనివారికి ఒక మాట: ఇక్కడ వీధిని లైను అంటాం, దాన్ని కోసుకుంటూ పోయేది అడ్డరోడ్డు. నాలుగో లైనులో కూర్చుని నాలుగు లైన్ల బులెటిన్ బోర్డు, అంటే మోడెంతో ఫోను కలిపి కంప్యూటర్లోకి వచ్చి కబుర్లు రాసుకునే, ఫైళ్లు దించుకునే చోటు, పెడుతున్నానని మా బావమరిది ఊరంతా చెప్పుకుని నవ్వుతున్నాడు. నవ్వనివ్వండి.

మా అపార్ట్‌మెంటులో ఇరవై ఫ్లాట్లు. కట్టినప్పుడే ప్రతి ఫ్లాటుకీ ఇంటర్‌కమ్ ఇచ్చారు. వాచ్‌మన్ గదిలో గోడకు 24 ఎక్స్‌టెన్షన్ల చిన్న ఎక్స్ఛేంజి ఉంది. సెల్‌ఫోన్లు వచ్చాక మోటారు వేయమని చెప్పడానికి కూడా దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. తీగ మాత్రం నిక్షేపంలా ఉంది. టోన్ వస్తుంది, గంట మోగుతుంది. అలాంటి రాగి ఊరికే పడి ఉంటే నాబోటివాడికి నిద్ర పట్టదు. అసోసియేషన్ సమావేశంలో అడిగాను. కార్యదర్శి వేసింది ఒకటే ప్రశ్న: కరెంటు బిల్లు ఎవరి ఖాతాలో? నా ఖాతాలోనే అన్నాను. వెంటనే ఆమోదించారు.

ఖాళీగా ఉన్న 21 నుంచి 24 వరకు నాలుగు ఎక్స్‌టెన్షన్లు మా నాలుగో అంతస్తుకు లాక్కున్నాను. నాలుగింటినీ హంటింగ్‌లో పెట్టాను. ఎవరైనా 21 నొక్కితే చాలు. అది ఖాళీ లేకపోతే 22కి, అదీ లేకపోతే 23కి పోతుంది.

యంత్రం 486, 66 మెగాహెర్ట్జ్‌ది, 8 ఎంబీ మెమరీ. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో ఏళ్ల తరబడి పద్దులు రాసి అలసిపోయింది. మూత విప్పిన రోజు గురించి చెప్పాలి. నాలుగు స్క్రూలు తీసి మూత లేపానో లేదో, మా ఆవిడ వంటింట్లో తుమ్మడం మొదలుపెట్టింది. ఫ్యాను రెక్కల మీద, రిబ్బను కేబుళ్ల మడతల్లో, ప్రాసెసర్ మీది హీట్ సింకు పళ్ల సందుల్లో ఎర్రటి పొడి. వేలితో గీరితే పచ్చడి ముద్దలా వచ్చింది. ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకుని, పెయింటు బ్రష్షుతో రెండు గంటలు దులిపాను. ఇప్పటికీ గంటసేపు నడిస్తే హాల్లో పోపు మాడిన ఘాటు వస్తుంది. మదర్‌బోర్డు మీది పీపా బ్యాటరీ కారి చుట్టూ పచ్చగా కిలుము పట్టి ఉంటే దాన్ని కోసేసి, వెనిగర్‌తో తుడిచి, మధ్యలో ఒక డయోడ్ పెట్టి మూడు పెన్సిల్ సెల్లులు బయట కట్టాను. తేదీ, టైము నిలుస్తున్నాయి.

డాస్ 6.22, దాని మీద ఒకేసారి పలు ప్రోగ్రాములు నడిపే డెస్క్‌వ్యూ, నాలుగు కిటికీల్లో రిమోట్ యాక్సెస్ అనే బోర్డు ప్రోగ్రాము నాలుగు నోడ్లు, లైనుకు ఒకటి. మోడెంలు తగిలించే సీరియల్ పోర్టులకు, వాటికీ బోర్డుకూ మధ్యవర్తిగా ఎక్స్00 అనే ఫాసిల్ డ్రైవరు. నాలుగు నోడ్లూ ఒకే ఫైలు మీద పడి కొట్టుకోకుండా ముందే డాస్ వారి షేర్ ప్రోగ్రాము వేశాను. మోడెంలు నాలుగూ 14,400 వేగంవి, బయట పెట్టే రకం. రెండు పోర్టులు ఒక కార్డు మీద, రెండు ఇంకో కార్డు మీద. మా ఇంటర్‌కమ్ టోన్‌ను మోడెంలు టోన్‌గా ఒప్పుకోలేదు. ఏటీఎక్స్3 అనే ఆదేశం పెట్టాక టోన్ కోసం చూడకుండా నంబరు నొక్కుతున్నాయి. అంతవరకు నేనే తేల్చుకున్నాను.

ఇక అసలు బాధ. మొన్న ఆదివారం రెండో అంతస్తు పాప మొదటి లైనులో ఉంది. ఏడో తరగతి పిల్ల. వాళ్ల నాన్న లాప్‌టాపుకు యూఎస్‌బీ సీరియల్ తీగ తగిలించి, మోడెం నేనే ఇచ్చాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతోంది. "తాతయ్యా, రేపు మా బడిలో ము" వరకు వచ్చింది. సరిగ్గా అప్పుడే మా బావమరిది పరీక్ష కోసం తన ఫ్లాటు నుంచి నేరుగా 23 నొక్కాడు. మూడో మోడెం మోగింది, ఎత్తింది, కీచుమంది, కలిసింది. మొదటి కిటికీలో "ము" దగ్గర కర్సరు నిలబడిపోయింది. మోడెం దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, లైను తెగలేదు, అక్షరం మాత్రం రాదు. మూడోది పెట్టేసినా మొదటిది తేరుకోలేదు. పిల్ల పాపం అవతల కొడుతూనే ఉందట.

రెండు, నాలుగు లైన్ల మధ్య కూడా ఇదే తంతు. ఒకటీ రెండూ మాత్రం పొద్దస్తమానం కలిసి నడుస్తాయి. తీగలో లోపం లేదు, పరీక్ష చేశాను. ఎక్కడ చూడాలో చెప్పండి.

ఇంకొకటి, తొందర లేదు: ఈ బోర్డు మీద తెలుగు అక్షరాలు రప్పించడానికి దారి ఉందా?


జవాబు: బెజవాడ డాస్

లైన్‌మ్యాన్ గారూ, గవర్నర్‌పేటలో మేడమీద రెండు గదుల్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి. మీరు లక్షణాలు ఎంత చక్కగా చెప్పారంటే రోగం పేరు అందులోనే ఉంది. ఒకటితో మూడు, రెండుతో నాలుగు. అంటే ఐఆర్‌క్యూ, ప్రాసెసర్‌ను పిలిచే గంట.

కామ్1 నుంచి కామ్4 వరకు నాలుగు సీరియల్ పోర్టులకూ చిరునామాలు వేరు: 3ఎఫ్8, 2ఎఫ్8, 3ఈ8, 2ఈ8. కానీ "అక్షరం వచ్చింది, తీసుకో" అని ప్రాసెసర్‌ను పిలిచే గంట తీగలు రెండే. కామ్1, కామ్3 రెండింటికీ అలవాటుగా వచ్చేది ఐఆర్‌క్యూ 4. కామ్2, కామ్4లకు 3. ఐసా బస్సు, అంటే కార్డులు గుచ్చే స్లాట్ల ఉమ్మడి తీగల వరస, మీద ఈ తీగను ఇద్దరు పంచుకోలేరు. ఎందుకంటే తీగ కింది నుంచి పైకి లేచిన క్షణాన్ని మాత్రమే యంత్రం గమనిస్తుంది. ఒక కార్డు పైకి లాగి పట్టుకుని ఉండగా రెండోది లాగితే కొత్తగా లేచింది ఏమీ లేదు, కాబట్టి పిలుపూ లేదు. మొదటి పోర్టులో అక్షరం వచ్చి కూర్చుంటుంది, దాన్ని తీసుకెళ్లడానికి ఎవరూ రారు.

కార్డు మీద జంపర్లు, అంటే సెట్టింగు మార్చే చిన్న టోపీలు, చూడండి. కామ్3ను 5కు, కామ్4ను 7కు మార్చాలి. సౌండ్ కార్డు లేదు కాబట్టి 5 ఖాళీ. 7 ప్రింటరుది, కానీ డాస్‌లో ప్రింటరుకు దాని అవసరం దాదాపు రాదు. తర్వాత ఎక్స్00 వరుసలో ప్రతి పోర్టుకూ చిరునామా, ఐఆర్‌క్యూ విడివిడిగా రాయండి. ఫాసిల్ లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మరవకండి. కామ్1 అంటే దానికి సున్నా.


గుంటూరు లైన్‌మ్యాన్

ఓహో, పార్టీ లైను! ఒక పెయిరును, అంటే తీగల జతను, ఇద్దరు చందాదారులకు అంటగడితే మా రోజుల్లో మెమో చేతికిచ్చేవారు. ఈ పంపకం చేసిన ఇంజనీరుకు ఎవరూ ఇచ్చినట్టు లేదు.

మీరు చెప్పినట్టే చూశాను. నా రెండో కార్డు చవక రకం. జంపర్లలో 3, 4 తప్ప ఇంకేమీ లేవు.


జవాబు: బెజవాడ డాస్

టంకం పెట్టే చెయ్యి మీది, నేను మీకు చెప్పేదేముంది. కార్డు వెనక్కి తిప్పండి, టంకం వైపు. బ్రాకెట్టు దగ్గర నుంచి బంగారు వేళ్లు లెక్కపెట్టండి. 25వది ఐఆర్‌క్యూ 3, 24వది 4, 23వది 5, 21వది 7. మధ్యలో 22వది ఫ్లాపీది, దాని జోలికి వెళ్లవద్దు. 24, 25 వేళ్ల నుంచి పైకి పోయే గీతలను బ్లేడుతో తెంపి, గీత పై ముక్క నుంచి సన్నని తీగ తీసి కామ్3ది 23కు, కామ్4ది 21కి అతకండి. టంకం వేలి మొదట్లోనే ఉండాలి, స్లాటులోకి దిగే భాగం మీద చుక్క కూడా పడకూడదు. ఆ కార్డు మీద ప్రింటరు పోర్టు ఉంటే జంపరుతో మూసేయండి.

కార్డు బయట ఉండగానే పోర్టుల పని చూసే పెద్ద చిప్పుల మీద అంకెలు చదవండి. 16450 అని ఉంటే రెండో బాధ దారిలో ఉంది. దానికి ఒక్క అక్షరం దాచుకునే చోటే ఉంది. పోర్టు వేగం 38,400 దగ్గర బిగిస్తే సెకనుకు 3,840 అక్షరాలు, అంటే పావు మిల్లీసెకనుకు కాస్త అటుగా ఒకటి. డెస్క్‌వ్యూ ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి మారే లోపల ఆలస్యమైతే, వచ్చినదాని నెత్తిన తర్వాతది పడి మొదటిది పోతుంది. 16550ఏ అయితే పదహారు దాచుకుంటుంది, నాలుగు మిల్లీసెకన్ల ఊపిరి. చిప్పు సాకెట్లో ఉంటే 16450 పీకి ఇది పెట్టవచ్చు, కాళ్లు నలభై, వరస అదే. పేరులో ఆ "ఏ" ఉండాలి. అది లేని మొదటి రకంలో ఆ నిల్వ సరిగ్గా పనిచేయదు.

తెలుగు సంగతి నన్ను అడగవద్దు. నేను ఆ రోజుల్లోనే ఓడిపోయాను.


జవాబు: తెనాలి పైథాన్

బాబాయి గారూ, తప్పుగా అనుకోకండి. ఇదంతా రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్లో పది నిమిషాల పని కదా? మోడెం లేకుండా నెట్‌వర్కు మీద కలిపే టెల్‌నెట్‌తో ఇరవై ఫ్లాట్లూ ఒకేసారి రావచ్చు. ఐఆర్‌క్యూ గొడవ లేదు, మిరప ఘాటూ లేదు.

కాదంటే కనీసం ఆ పాత హార్డ్ డిస్కునైనా మార్చండి. కెమెరాల్లో వాడే సీఎఫ్ మెమరీ కార్డును, హార్డ్ డిస్కు తీగకు తగిలే ఐడీఈ అడాప్టరుతో పెడితే ఈ ఎండలకు వేడీ తగ్గుతుంది, కరెంటు పోయినప్పుడు భయమూ తగ్గుతుంది.


జవాబు: 300 బాడ్ అమ్మమ్మ

నాయనా తెనాలి, సీఎఫ్ కార్డు మాట బంగారం. మొదటి మాట మాత్రం, గోదారి ఈదాలనుకున్నవాడికి వంతెన దారి చూపించడం లాంటిది.

లైన్‌మ్యాన్ అన్నయ్య గారూ, మాది అరండల్‌పేట. 1980లలో నేను ఇల్లినాయిలో చదువుకున్నాను. షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, ర్యాండీ స్యూస్ అనే ఇద్దరు మంచు తుపానులో ఇంట్లో చిక్కుకుని మొదలుపెట్టి, 1978 ఫిబ్రవరి 16న మొదటి బులెటిన్ బోర్డును లైను మీదికి తెచ్చారు. ఒక్క లైను. ఒకరు పెట్టేస్తేనే ఇంకొకరు. మన రేషను కొట్టు వరస.

నాకు అలవాటైంది వేరేది, డైవర్సీ డయల్ అనే కబుర్ల బోర్డు. అది నడిచేది ఆపిల్ టూ ఈ మీద. దాని స్లాట్లలో మోడెం కార్డులు వరసగా గుచ్చి ఏడు లైన్ల వరకు నడిపేవారు. ఒక మెగాహెర్ట్జ్ ప్రాసెసర్! ఎలా అని అప్పట్లో నాకూ అర్థం కాలేదు. లెక్క వేస్తే తేలిక. 300 బాడ్ అంటే లైనుకు సెకనుకు 30 అక్షరాలు. ఏడు లైన్లకు 210. ఒక్కో అక్షరానికి దాదాపు 4,800 గడియారపు టిక్కులు మిగులుతాయి. చిన్న ప్రోగ్రాముకు అది ధారాళం. పైగా ఏడు లైన్లనూ చూసేది ఒకటే ప్రోగ్రాము. మీ భాషలో చెప్పాలంటే ఒక ఆపరేటరు, ముందు ఒక బోర్డు, చేతిలో ఏడు కార్డులు. మీరు నడుపుతున్నది నలుగురు ఆపరేటర్లను ఒకే కుర్చీలో వంతులవారీగా కూర్చోబెట్టడం. డెస్క్‌వ్యూ చేసేది ఆ కుర్చీలు మార్చే పని. అందుకే మీ 486 కూడా రొప్పుతోంది. మేజర్ బీబీఎస్ లాంటి బోర్డు సాఫ్ట్‌వేర్లు ఒకే ప్రోగ్రాములో అన్ని లైన్లూ చూసేవి. లైన్లు పెంచాలనిపిస్తే అటు చూడండి. నాలుగుతో ఆగితే ఉన్నదే చాలు.

తెలుగు గురించి. తర్వాత హైదరాబాదులో ఉద్యోగం చేసినప్పుడు మా ఆఫీసు పీసీలో తెర మీద మన భాషలు చూపించే జిస్ట్ కార్డు ఉండేది. దాని పద్ధతి ఇస్కీ, అక్షరానికి ఒక బైటు, గుణింతపు గుర్తుకు ఇంకో బైటు, 161 నుంచి పైకి. బోర్డు వైపు మీరు చేయాల్సింది పెద్దగా లేదు, ఎనిమిది బిట్లనూ కోత లేకుండా పోనిస్తే చాలు. చిక్కు చూసేవారి తెరతోనే. డాస్ తెరకు ఆ అంకెలు గళ్లు గీసే గుర్తులు. ఇస్కీలో "క" 179, డాస్‌లో 179 నిలువు గీత. మేము మొదటిసారి కార్డు లేని పీసీలో "కాకి" అని ఉన్న ఫైలు తెరిస్తే వచ్చింది ఇది: నిలువు గీత, ఒక మూల, మళ్లీ నిలువు గీత, ఒక నిండు దిమ్మ. నలుగురం చేరి అది ఏ పిట్టో అని నవ్వుకున్నాం.


తెనాలి పైథాన్

అమ్మమ్మ గారూ, అక్షింతలు అందాయి. మోడెం మోగగానే ఎవరో వచ్చారని ఎదురుచూడటం టెల్‌నెట్‌లో లేదు, ఒప్పుకుంటున్నాను.

అక్షరానికీ గుర్తుకూ ఒక్కో బైటే అయితే లాప్‌టాపు వైపు చిన్న స్క్రిప్టు నేను రాసి ఇస్తాను. పిల్లలు మామూలుగా తెలుగులో కొడతారు, అది ఇస్కీగా మారి తీగలో పోతుంది. వచ్చింది యూనికోడ్ అయి తెర మీద కనిపిస్తుంది. పొల్లుల దగ్గర కాస్త జాగ్రత్త పడాలి. గళ్లు గీసే పెట్టెలు మాత్రం మెనూల నుంచి తీసేయండి బాబాయి గారూ, లేకపోతే ప్రతి నిలువు అంచూ "కకకక" అని కూస్తుంది.


గుంటూరు లైన్‌మ్యాన్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వారం పట్టింది, అందుకే ఆలస్యం.

గీతలు తెంపాను, తీగలు అతికాను. 23, 21 వేళ్లు, బెజవాడ వారు చెప్పినట్టే. ఒకటీ మూడూ ఇప్పుడు అన్నదమ్ముల్లా కలిసి నడుస్తున్నాయి. పాప మొదటి లైనులోకి వచ్చి వదిలేసిన చోటి నుంచే అందుకుంది: "ముగ్గుల పోటీ". పోటీ అయిపోయి నాలుగు రోజులైంది, బహుమతి కూడా వచ్చిందట.

నాలుగోది ఏడిపించింది. ఒంటరిగా బాగుంటుంది. మూడో లైనులో ఎవరైనా ఉంటే మాత్రం కలిసిన నిమిషానికి వేగం దిగజారి తెగిపోతుంది. మళ్లీ ఐఆర్‌క్యూ అనుకున్నాను. రెండు రోజులు కార్డు బయటికి తీయడం, లోపల పెట్టడం. ఐదూ ఏడూ తారుమారు చేశాను. లాభం లేదు. మూడో రోజు విసుగెత్తి, నాలుగో మోడెం తీగ పీకి, అట్టపెట్టెలోంచి నా పాత టెస్టింగ్ హ్యాండ్‌సెట్ తీసి ఆ పెయిరుకు తగిలించి చెవిన పెట్టుకున్నాను. నాలుగో లైనులో, ఎవరూ లేని లైనులో, మూడో లైను మోడెం సన్నగా అరుస్తోంది.

వాచ్‌మన్ గదిలోకి వెళ్లి టార్చి వేసి చూశాను. తెలుపు-ఆకుపచ్చ మూడో పెయిరు, తెలుపు-గోధుమ నాలుగో పెయిరు. ఆకుపచ్చ తీగకు జతగా నాలుగో తెలుపు, గోధుమకు జతగా మూడో తెలుపు బిగించి ఉన్నాయి. స్ప్లిట్ పెయిరు! కొసలు రెండూ సరిగ్గా కలుస్తాయి కాబట్టి మీటరు పెట్టినా తప్పు చూపదు. కానీ మెలిక చెడిపోయి ఒక లైను మాట ఇంకో లైనులో పడుతుంది. ఇదే తప్పుకు నా చేతి కింద పనిచేసిన కుర్రాళ్లను ఎంతమందిని తిట్టానో లెక్కలేదు. ఇది బిగించింది ఎవరంటారా? నేనే. కరెంటు పోయిన రాత్రి, కళ్లద్దాలు లేకుండా. మా బావమరిదికి చెప్పలేదు, ఇక్కడ మీరూ చెప్పకండి.

రెండు తీగలు మార్చి బిగించాక నాలుగూ నడుస్తున్నాయి. నిన్న రాత్రి తొమ్మిదింటికి నాలుగు దీపాల వరసలూ ఒకేసారి వెలిగాయి. ఐదో ఇంటివారికి ఎంగేజ్ టోన్ వచ్చిందని ఫిర్యాదు కూడా అందింది. పెద్ద ఫైలు దించుకుంటున్నప్పుడు రెండో కార్డు లైన్లలో అక్షరాలు రాలుతున్నాయి. చిప్పులు చదివాను: 16450, రెండూ సాకెట్లలోనే ఉన్నాయి.

కాబట్టి ఒక మనవి. ఎవరి దగ్గరైనా పాత కార్డుల మీద 16550ఏఎఫ్ఎన్ చిప్పులు రెండు ఉంటే చెప్పండి, బెజవాడ అయినా బస్సెక్కి వచ్చి తీసుకుంటాను. డబ్బు వద్దంటే గోంగూర పచ్చడి ఉంది, మా ఆవిడ పెట్టింది. తెనాలి అబ్బాయీ, నీ స్క్రిప్టుకు ఒక సీసా ఇప్పటికే పక్కన పెట్టాం.